తుర్క్‌మెన్ పాత తివాచీలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

తుర్క్‌మెన్ తివాచీ కావాలంటే చాలా దుకాణాల్లో ముందుగా ‘బుఖారా’ తీసి పరుస్తారు. ఎర్రటి నేల, వరసలు కట్టిన అష్టకోణపు గుర్తులు, చుట్టూ సన్నటి అంచులు. నిజానికి బుఖారా ఇవి చేతులు మారిన సంత ఊరు. నేసినవాళ్ళు తెక్కే, యొముద్, సారిక్, సాలొర్, ఎర్సారి, చౌదుర్, అరబాచి తెగల స్త్రీలు. వాళ్ళ ఊళ్ళు, డేరాలు ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌తో పాటు ఉజ్బెకిస్తాన్, ఉత్తర అఫ్గానిస్తాన్, ఈశాన్య ఇరాన్‌లలో ఉండేవి. దేశవిభజన తర్వాత లాహోర్, కరాచీ మగ్గాల మీద ఆ తెక్కే గుర్తునే తీసుకుని లక్షల చదరపు అడుగుల తివాచీలు నేశారు. మన భదోహీ, మీర్జాపూర్‌లలోనూ నేశారు. అవి చెడ్డ సరుకేమీ కాదు. మెత్తగా ఉంటాయి, హాల్లో వేసుకుంటే బాగానే కనిపిస్తాయి. అయితే వాటిని తెగల తివాచీల ధరకి కొనకూడదు.

రెండిటినీ వేరు చేయడం కష్టం కాదు. కొసన కుచ్చుల దగ్గర పడుగు దారం, అంటే నిలువు దారం, పట్టుకుని చూడండి. పాత తుర్క్‌మెన్ తివాచీలో పడుగు ఉన్నిదే. పసుపు ఛాయ తెలుపులోనో గోధుమ, బూడిద రంగుల్లోనో ఉంటుంది. ఒక్కోసారి మేకవెంట్రుక కలిసి ఉంటుంది. దారం పట్టుకుంటే కాస్త గరుకు, లాగి వదిలితే ముడుచుకుంటుంది. పాకిస్తానీ బుఖారాలో పడుగు తెల్లటి నూలు, బిగుతుగా, ఒకే మందంతో ఉంటుంది. అలాగే లేత గులాబీ, పిస్తా ఆకుపచ్చ, బూడిద రంగు నేల మీద తెక్కే గుర్తు కనిపిస్తే అది తెగలవాళ్ళు నేసింది కాదని దూరం నుంచే చెప్పొచ్చు.

ఆ గుర్తుని గుల్ అంటారు. తుర్క్‌మెనిస్తాన్ 1992లో తీసుకున్న జాతీయ జెండా మీద అయిదు తెగల గుల్‌లు నిలువుగా ఉన్నాయి. 2019లో యునెస్కో ఈ నేతని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత పేరున్నా, కొనేటప్పుడు గుల్ ఒక్కటే చూసి తెగని నిర్ణయించకూడదు. ఒక తెగ గుల్‌ని ఇంకో తెగ వాడుకోవడం పందొమ్మిదో శతాబ్దంలోనే ఉంది. ముడి, అంటే పడుగుకి ఉన్ని దారం చుట్టే తీరు, మాత్రం అంత తేలిగ్గా మారదు. ఆ చేతివాటం తల్లి నుంచి కూతురికి వచ్చేది. అందుకే తెలిసినవాళ్ళు తివాచీని ముందు వెనక్కి తిప్పి చూస్తారు.

ముడి రెండు రకాలు. రెండు పడుగు దారాల చుట్టూ సమానంగా తిరిగేది సౌష్ఠవ ముడి. ఒక దారాన్ని పూర్తిగా చుట్టి, రెండోదాని వెనకనుంచి వెళ్ళేది అసౌష్ఠవ ముడి. ఇది కుడికో ఎడమకో తెరుచుకుంటుంది. తెక్కే, ఎర్సారి, చౌదుర్‌లది సాధారణంగా కుడికి తెరుచుకునే అసౌష్ఠవ ముడి. సాలొర్, అరబాచిలది ఎడమకి. సారిక్‌లది సౌష్ఠవ ముడి. యొముద్‌లలో ఎక్కువ భాగం సౌష్ఠవమే, అసౌష్ఠవం కూడా దొరుకుతుంది. నూగుని, అంటే పైకి నిలిచే ఉన్ని పోగులని, నేత అడ్డువరస వెంట విప్పి, మడిచి చూస్తే ముడి పాదం కనిపిస్తుంది. మంచి వెలుతురు, చిన్న భూతద్దం చాలు. సాలొర్ నేతలో ఒకటి విడిచి ఒక పడుగు దారం లోపలికి దిగి ఉంటుంది కాబట్టి వెనకవైపు సన్నటి చాళ్ళు చేతికి తగులుతాయి. చౌదుర్ నేత పేకలో, అంటే అడ్డదారంలో, నూలు తరచు కలుస్తుంది. సారిక్‌లలో, ముఖ్యంగా తర్వాతి కాలపు వాటిలో, తెల్లటి చుక్కలకి నూలు వాడారు. ఆ తెలుపు పాతబడ్డా మెరుస్తూనే ఉంటుంది. కాబట్టి నూలు కనిపించగానే నకిలీ అనేయకండి. పడుగులో ఉందా, పేకలో ఉందా, నూగులో ఉందా అని చూడాలి.

ముళ్ళ లెక్క దగ్గర చాలామంది మోసపోతారు. అమ్మేవాడు చదరపు అంగుళానికి 400 అంటాడు, నిజానికి 200 ఉంటాయి. కారణం ఇదీ. పడుగు దారాలన్నీ ఒకే మట్టంలో ఉన్న నేతలో ఒక్కో ముడి వెనకవైపు రెండు బుడిపెలుగా కనిపిస్తుంది. రెండిటినీ రెండు ముళ్ళుగా లెక్కేస్తే సంఖ్య రెట్టింపవుతుంది. వెనక స్కేలు పెట్టి, ఒకే రంగు ముడి ఒంటరిగా ఉన్నచోటు వెతకండి. అది ఎన్ని బుడిపెలుగా కనిపిస్తుందో తేల్చుకున్నాకే లెక్కపెట్టండి. అడ్డంగా 10, నిలువుగా 19 వస్తే 190. పాత తెక్కే పెద్ద తివాచీలకి 150 నుంచి 250 వరకూ మామూలే, సంచుల ముఖాల్లో, అంటే డేరా సంచుల ముందు పలకల్లో, ఇంకా ఎక్కువ ఉంటాయి. ఎర్సారికి 50 నుంచి 100 ఉన్నా తక్కువ అనుకోనక్కర్లేదు, దాని నేత తీరే అంత. ముళ్ళు ఎక్కువైతే తివాచీ మంచిదన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఉన్ని, రంగు బాగుంటే 70 ముళ్ళ ఎర్సారి పక్కన 300 ముళ్ళ కొత్త సరుకు వెలవెలబోతుంది.

ఇక రంగు. పాత తుర్క్‌మెన్ ఎరుపుకి మూలం మంజిష్ఠ జాతి వేరు. నీలానికి నీలిమందు, పసుపుకి ఇస్పరక్ అనే పూలమొక్క, కొన్ని విలువైన ముక్కల్లో గులాబీ ఎరుపుకి కోచినీల్ పురుగు. 1881లో గోక్ తెపే కోట, 1884లో మెర్వ్ రష్యా చేతికి వచ్చాయి. రైలు 1885లో అష్గాబాద్‌కి, 1888లో సమర్కండ్‌కి చేరింది. దాంతో ఎగుమతి గిరాకీ, చవక రసాయన రంగులు రెండూ పెరిగాయి. అంతకుముందే కొద్దికొద్దిగా వచ్చిన ఫుక్సిన్ అనే ఊదా గులాబీ రంగు వెలుతురుకి నిలవదు. నూగు విప్పి చూస్తే మొదట్లో కళ్ళు చెదిరే గులాబీ, కొసన బూడిద కనిపిస్తుంది. తొలినాటి ‘అజో’ రసాయన ఎరుపులు వెలవవు కానీ నీళ్ళు తగిలితే పక్కన తెలుపులోకి దిగుతాయి. ‘వందేళ్ళ నాటిది, అన్నీ చెట్ల రంగులే’ అన్న మాటని ఈ రెండు చిహ్నాలే తేలుస్తాయి.

పరీక్ష చేయడానికి అయిదు నిమిషాలు చాలు. తెల్లటి నూలు గుడ్డని తడిపి పిండి, ఎరుపు మీద ఒక నిమిషం గట్టిగా అదమండి. ముదురు గోధుమ, నారింజ రంగుల మీదా అలాగే చేయండి. వెనకవైపూ చేయండి. గుడ్డకి కాస్త మురికి అంటడం వేరు, గులాబీ రంగు అంటడం వేరు. రంగు అంటితే ఆ తివాచీని ఉతికించిన రోజే తెల్లటి గీతలన్నీ గులాబీ అవుతాయి. తర్వాత మూడు చోట్ల నూగు విప్పి కొసనీ మొదటినీ పోల్చండి. మంచి పాత ఎరుపులో కొస కాస్త లేతగా ఉన్నా అదే రంగు జాతి. మొదట్లో ముదురు ఎరుపు ఉండి కొసన బంగారు పసుపు ఉంటే బ్లీచ్ చేసినట్టు. కొస ముదురుగా ఉండి మొదలు తెల్లబోతే, అరిగినచోట పైన రంగు పూసినట్టు. అలాంటిచోట పడుగు దారానికి కూడా ఎరుపు అంటి ఉంటుంది, చూడగానే దొరికిపోతుంది.

బ్లీచ్ సంగతి కాస్త విడిగా చెప్పాలి. ‘గోల్డెన్ అఫ్గాన్’ పేరుతో పాత దుకాణాల్లో, ఇళ్ళ వేలాల్లో కనిపించే పసుపు నారింజ తివాచీల్లో ఎక్కువ భాగం ఎర్రగా నేసినవే. పశ్చిమ దేశాల్లో లేత రంగుల మోజు ఉన్న రోజుల్లో వాటిని రసాయనాలతో కడిగి ఎరుపు తీసేశారు. ఆ కడగడంలో ఉన్ని పైపొర దెబ్బతింటుంది. అరచేత్తో నిమిరితే పొడిగా, పెళుసుగా తగులుతుంది, నూగు పొడిపొడిగా రాలుతుంది. పాదాలు తిరిగేచోట తొందరగా బట్టతల పడుతుంది. చవకగా వస్తుందని తీసుకుంటే నాలుగేళ్ళకే పశ్చాత్తాపం. నా తీర్పు మొహమాటం లేకుండా చెప్తున్నాను: వద్దు.

ముదురు గోధుమ, నలుపు గీతల వెంట మాత్రమే నూగు తగ్గి, మిగతా రంగులు కాస్త ఎత్తుగా నిలిస్తే భయపడకండి. ఇనుము కలిపి వేసిన రంగు ఉన్నిని దశాబ్దాల పాటు తింటుంది. అది వయసు ఇచ్చే గుర్తు. దీన్ని కత్తెరతో తెచ్చిపెట్టేవాళ్ళూ ఉన్నారు. కత్తిరించినది ఒకే ఎత్తులో, నున్నగా ఉంటుంది. నిజంగా తిన్నది ముడికో ఎత్తు, ఎగుడుదిగుడు. అలాగే, ఏళ్ళ తరబడి నేల రాసుకున్న తివాచీ వెనకవైపు ముళ్ళు చదునై నిగనిగలాడతాయి. కొత్త తివాచీకి ఆ నునుపు రావడానికి వెనకవైపు ఉన్ని పీచుని మంటతో కాలుస్తారు. తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే మసి అంటుతుంది. టీ రంగులో ముంచి పాతది చేసినదైతే కుచ్చులు, తెల్లని ముళ్ళు, పడుగు అన్నీ ఒకే గోధుమ ఛాయలో ఉంటాయి. సహజంగా పాతబడిన దాంట్లో ముడి లోపలి తెలుపు పై తెలుపు కన్నా శుభ్రంగా ఉంటుంది.

చివికిన తివాచీని కనిపెట్టడం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే దానికి మందు లేదు. పూలకుండీ కింద ఏళ్ళ తరబడి తడిసినా, తేమ నేల మీద పడి ఉన్నా పడుగు, పేక లోపలే పుచ్చిపోతాయి. పైకి ఏమీ కనిపించదు. రెండు చేతుల మధ్య ఒక జానెడు మేర పట్టుకుని మెల్లగా మడవండి. నాలుగు మూలలు, నడుమ, మరక ఉన్న ప్రతిచోటా ఇలాగే చేయండి. పటపటమని దారాలు తెగిన చప్పుడు వస్తే అక్కడే పెట్టేసి లేవండి. తర్వాత కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకోండి. చిమ్మట తిన్న చోట్లు, పాత రంధ్రాలు, రఫ్పు చేసిన మేర వెలుతురుకి తెలిసిపోతాయి. రఫ్పు ఉండటం తప్పు కాదు, చక్కగా ముడి వేసి పూడ్చినది నిశ్చింతగా కొనొచ్చు. వెనక జిగురుతో గుడ్డముక్క అంటించినది మాత్రం కొనకూడదు. జిగురు గట్టిపడి చుట్టూ ఉన్న ఆరోగ్యమైన నేతని కూడా కోస్తుంది.

కొలత కూడా వేయండి. రెండు కొసల వెడల్పుల మధ్య నాలుగైదు సెంటీమీటర్ల తేడా మామూలే, డేరా ముందు నేలమగ్గం మీద నేసిన సొగసు అది. కానీ నాలుగు వైపులా అంచు పట్టీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి. ఒక పక్క బయటి పట్టీ లేకపోతే అరిగిన అంచు కోసేసి కొత్త కుట్టు వేశారన్నమాట. నడుమ అడ్డంగా గుల్ ఒకటి పొట్టిగా ఉంటే వెనక తిప్పండి. అరిగిన భాగం కోసి రెండు ముక్కలు కలిపిన అతుకు అక్కడ కనిపిస్తుంది. కొసల్లో నూగు లేని చదును నేత, అంటే మన వరంగల్ దర్రీ తరహా నేత, పూర్తిగా మిగిలి ఉంటే అది అదృష్టం. సాధారణంగా ముందు పోయేది అదే.

ఇప్పుడు ఇంటికి ఏది నప్పుతుందో చూద్దాం. రోజూ నడిచే హాలుకి నేను ముందు చెప్పేది ఎర్సారి, ఉత్తర అఫ్గానిస్తాన్‌లో అంద్‌ఖోయ్, అక్చా వైపు నేసినవి. ఉన్ని మందం, నూగు ఎత్తు, గుల్‌లు అరచేతి కన్నా పెద్దవి. వీటిని వ్యాపారులు ‘ఏనుగు పాదం’ అంటారు. 8 అడుగులకి 11 అడుగుల దాకా దొరుకుతాయి. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలోనివి ఎన్నో ఏళ్ళ వాడకాన్ని ఇంకా తట్టుకుంటాయి. పాత తెక్కే పెద్ద తివాచీ సుమారు ఆరున్నర అడుగులకి ఎనిమిది, తొమ్మిది అడుగులు ఉంటుంది. సాధారణంగా నాలుగు వరసల్లో, వరసకి పది గుల్‌లు. పలచగా, గుడ్డలా ఒంపు తిరుగుతుంది. అంత పలచని నూగు మీద కుర్చీ కాళ్ళు జరిగితే బతకదు. భోజనబల్ల కిందికి వద్దు, పడకగదికో పుస్తకాల గదికో సరిపోతుంది. యొముద్‌ల గోధుమ ఎరుపు, తెల్లటి అంచులు చెక్క సామాను ఉన్న గదిలో అందంగా ఒదుగుతాయి. ఎవరూ ఎక్కువగా అడగరు కాబట్టి డబ్బుకి తగ్గ విలువ వీటిలోనే ఎక్కువ దొరుకుతుందని నా నమ్మకం. సాలొర్ జోలికి ఇంటి అలంకరణ కోసం వెళ్ళనక్కర్లేదు, సేకర్తలు దాని ధరని ఎక్కడికో తీసుకుపోయారు.

చిన్న ఇంటికి అసలు మంచి కొనుగోలు సంచుల ముఖాలు. డేరా లోపల బట్టలు, సామాను పెట్టి గోడకి వేలాడదీసే చువల్ సుమారు రెండున్నర అడుగులకి నాలుగడుగులు. దానికన్నా పొట్టిది తోర్బా. పెళ్ళి ఒంటె పక్కలకి జతగా వేలాడేది, అయిదు మూలల అస్మాలిక్. డేరా గుమ్మానికి తెరగా కట్టేది ఎన్సి, నాలుగడుగులకి అయిదు, నడుమ సిలువలాంటి పట్టీలు విడదీసిన నాలుగు గళ్ళు. తెగలవాళ్ళు తమ కోసం, తమ పెళ్ళిళ్ళ కోసం నేసుకున్నవి ఇవే. అందుకే నేతలో ఎక్కువ శ్రద్ధ ఇక్కడే కనిపిస్తుంది. వీటిని నేల మీద వేయకండి. పై అంచు పొడుగునా వెనక నూలు పట్టీ కుట్టి, దానికి వెల్‌క్రో కుట్టి, గోడకి బిగించిన చెక్కపట్టీకి అంటించండి. బరువు అంతటా సమంగా పడుతుంది. మేకులు కొట్టినచోట నేత సాగి చిరుగుతుంది. ఎండ నేరుగా పడే గోడ వద్దు.

ఆన్‌లైన్ వేలంలో కొనేవాళ్ళు ఈ ఫోటోలు అడిగి తెప్పించుకోవాలి: స్కేలు పెట్టి తీసిన వెనకవైపు దగ్గరి ఫోటో, నాలుగు మూలలు, రెండు కొసలు, నూగు విప్పిన ఫోటో, పగటి వెలుతురులో మొత్తం తివాచీ. ఇవ్వనంటే ముందుకి వెళ్ళొద్దు. జర్మనీ వీస్‌బాడెన్‌లోని రిప్పన్ బోస్‌వెల్ లాంటి తివాచీల ప్రత్యేక వేలం సంస్థల పాత జాబితాలు తిరగేస్తే కన్ను త్వరగా పదునెక్కుతుంది. పాట ధర మీద కొనేవారి రుసుము తరచు 20 నుంచి 30 శాతం పడుతుంది, రవాణా వేరు. ముందే కలుపుకుని పాడండి. దుకాణంలో అయితే ఇంట్లో వారం పరిచి చూసి, నచ్చకపోతే తిరిగి ఇచ్చే షరతు బిల్లు మీద రాయించుకోండి. తెగ పేరు, వయసు, చేసిన మరమ్మతులు కూడా బిల్లులో ఉండాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ఒక మాట. ఇరాన్ తివాచీల దిగుమతిని ఆ దేశం 2018 ఆగస్టు నుంచి మళ్ళీ ఆపేసింది, కాబట్టి ఈశాన్య ఇరాన్‌లోని గోర్గాన్ వైపు యొముద్‌ని బయటి దేశం నుంచి తెప్పించే ముందు చట్టం చూసుకోవాలి. అప్పటికే అక్కడున్న సరుకు కొనడానికి ఆ ఇబ్బంది లేదు. హైదరాబాద్‌లో ఇంట్లో ఉన్న పాత తివాచీని విదేశానికి తీసుకెళ్ళాలనుకుంటే, మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటినది పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని సొంతంగా బయటికి పంపకూడదు. నూరేళ్ళ లోపుదైతే పురావస్తువు కాదన్న పత్రం పురావస్తు శాఖ నుంచి తీసుకుని బయల్దేరడం మంచిది.

మన ఇళ్ళలో ఈ తివాచీలకి పెద్ద శత్రువు తడిగుడ్డ. రోజూ నేల తుడిచి, ఆరకముందే తివాచీ తిరిగి పరిచేస్తే తేమ కిందే చిక్కుకుంటుంది. సముద్రతీరపు ఊళ్ళలో, వానాకాలంలో అది చివకడానికి నేరుగా దారి. తుడిచాక పూర్తిగా ఆరనివ్వండి. గ్రానైట్, టైల్స్ మీద జారకుండా కింద ఫెల్ట్, సహజ రబ్బరు కలిసిన పట్టా వేయండి. పీవీసీ పట్టాలు కొన్ని నేలకీ ఉన్నికీ అతుక్కుంటాయి. ఆరునెలలకి ఒకసారి తివాచీని అటు ఇటు తిప్పి వేస్తే అరుగుదల సమంగా ఉంటుంది. వాక్యూమ్‌కి తిరిగే బ్రష్ ఉంటే ఆపేసి, నూగు వాలిన దిక్కునే లాగండి. కుచ్చుల మీద అసలు వద్దు.

చిమ్మట చీకట్లో, ఎవరూ కదపని చోట గుడ్లు పెడుతుంది, అంటే సోఫా కింద మడత దగ్గర. నెలకోసారి సోఫా జరిపి వెనకవైపు కూడా దులపండి. తెల్లటి సన్నని గొట్టాల్లాంటి గూళ్ళు, ఇసుకలాంటి రెట్ట కనిపిస్తే నాఫ్తలీన్ ఉండల మీద భరోసా పెట్టుకోకండి. సంచి ముఖం అయితే పాలిథీన్‌లో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా గది వేడికి రానిచ్చి అప్పుడు తెరవండి, లేకపోతే చెమ్మ పడుతుంది. పెద్ద తివాచీని ఉన్ని తివాచీలు చేత్తో ఉతికే మనిషికి ఇవ్వాలి, స్టీమ్ క్లీనింగ్ వాళ్ళకి కాదు. ఇచ్చే ముందు తడిగుడ్డ పరీక్ష మళ్ళీ ఒకసారి మీరే చేసి, రంగు దిగే చోట్లు సుద్దతో గుర్తుపెట్టి, చూపించి ఇవ్వండి.